బాపు నడుము, నా ఎడమ కాలు

ఇది ఒక మహాగాథ. ఇందులో మహమ్మారి ఉంది, మూతపడ్డ నగరం ఉంది, ఎనిమిది యంత్రాల రాజ్యం ఉంది. ఆ రాజ్యాన్ని నిలుపుకోవడానికి మండుటెండలో కఠోర సాధన చేసిన వీరుడు ఉన్నాడు. అతని పతనం ఉంది. కన్నతండ్రిని కాలితో తన్నాల్సి వచ్చిన కొడుకు ధర్మసంకటం ఉంది. తరతరాలు చెప్పుకోవలసిన కథ.

అని మొదలుపెడదామనుకున్నాను. కానీ అంత లేదు. మొదటి లాక్‌డౌన్ చివర్లో సూరత్‌లో మా బాపుకు నడుము పట్టుకుంది, అంతే. వీరుడు పడిపోయింది కూడా చెప్పులు తొడుక్కుంటూ.

మేముండేది కోసాడ్‌లో, సర్కారు కట్టించిన ఇళ్లలో, మూడో అంతస్తు. ఒక గది, ఒక వంటిల్లు, బయట నాలుగిళ్లకు కలిపి ఒక వరండా. బాపు పెళ్లికి ముందే కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాల మీద చేరాడు. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. పన్నెండు గంటల డ్యూటీ, మనిషికి ఎనిమిది సాంచాలు. కూర్చోవడానికి స్టూలు ఉండదు. ఉన్నా లాభం లేదు, కూర్చున్న నిమిషంలో ఎక్కడో పోగు తెగుతుంది. ఆ ఎనిమిదింటి మధ్య తాను నడిచిన నడకంతా కలిపితే ఏటా ఒకసారి కాలినడకన ఊరికి పోయి రావచ్చని బాపు అనేవాడు. ఎవరూ కొలిచి చూడలేదు.

ఆయన ఎనిమిదీ కిటికీ పక్కవి. ఎండాకాలం సూరత్‌లో కిటికీ పక్క సాంచాలంటే పెళ్లి బంతిలో ఫ్యాను కింద విస్తరి లాంటివి. వెనక వరసలో ఏళ్లకేళ్లు ఉడికాక అవి దక్కాయి. ఏ సాంచా ఏ పక్క పోగు తెంపుతుందో, దేనికి ముందు నూనె పెట్టాలో ఆయనకు నోటికి వచ్చు. నా పుట్టినరోజు మాత్రం అమ్మను అడిగి తెలుసుకునేవాడు.

లాక్‌డౌన్ రాగానే కార్ఖానా మూతపడింది. బాపు పడుకున్నాడు. రెండు నెలలు పడుకున్నాడు. నిద్రపోయాడని కాదు. పలుచటి చాప మీద ఒకే పక్కకు తిరిగి, తల కింద చెయ్యి పెట్టుకుని, ఫోనులో వంటల వీడియోలు చూసేవాడు. మేము ఆలుగడ్డ కూర తింటుంటే ఆయన తందూరీ చేపలు చూసేవాడు. జీవితమంతా నిలబడ్డ మనిషి కదా అని ఎవరమూ ఏమీ అనలేదు.

నేను చీరల ఫొటోలు దిద్దే పని చేసేవాణ్ణి. ఆన్‌లైన్లో అమ్మేవాళ్ల కోసం, కట్టుకున్న అమ్మాయిని అలాగే ఉంచి చీర రంగు మాత్రం పదిసార్లు మార్చడం. ఆ పనీ ఆగిపోయింది. ఇంట్లో పని ఆగనిది అమ్మ ఒక్కతికే. ముందే తెచ్చిపెట్టుకున్న చీరల మీద, నేల మీద కూర్చుని వంగి, ఒక్కొక్క మెరుపు రాయీ అంటిస్తూ ఉండేది.

ఇక్కడ నా అసలు ఉద్యోగం గురించి చెప్పాలి. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అంటే తల ముందు రావలసిన చోట కాళ్లు ముందు వచ్చాయి. అలా పుట్టినవాడు నడుము పట్టుకున్నవాళ్లను మూడుసార్లు కాలితో తంతే నొప్పి పోతుందని మా వైపు నమ్మకం. మా కింది అంతస్తులో ఉండే గుజరాతీ ముసలావిడకూ, అందరం బా అని పిలిచే ఆమెకూ, అదే నమ్మకం. దేశమంతా ఒక్కటేనని నాకు దొరికిన గట్టి ఆధారం ఇదే.

ఆరేళ్లప్పటి నుంచి ఆదివారం పొద్దున మా గుమ్మంలో ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. నేను పళ్లు తోముకుని వచ్చి తన్నేవాణ్ణి. ఫీజు ఒక అరటిపండు, లేదంటే బిస్కెట్ పుడ. తగ్గినవాళ్లు నా కాలు చల్లనిదన్నారు. తగ్గనివాళ్లు తమది నడుం నొప్పి కాదు, కిడ్నీలో రాయేమోనని పరీక్షలు చేయించుకున్నారు. ఇంత మచ్చలేని చరిత్ర ఏ వైద్యుడికీ ఉండదు. పదో తరగతికి వచ్చాక సిగ్గేసి ప్రాక్టీసు మానేశాను.

సరే, కథలోకి. ఒక బుధవారం పొద్దున కార్ఖానా మాస్టర్ ఫోన్ చేశాడు. సోమవారం సాంచాలు చాలూ అవుతాయి. ఒడియా పనివాళ్లు చాలామంది రైళ్లెక్కి పోయారు, ఉన్నవాళ్లతోనే నడపాలి. చివరగా ఒక మాటన్నాడు: “పెహ్లే దిన్ జో ఖడా నహీ మిలా, ఉస్కా సాంచా దూసరే కో.” మొదటి రోజు నిలబడి కనిపించనివాడి సాంచాలు ఇంకొకడికి పోతాయి.

బాపు లేచి నిలబడ్డాడు. నిలబడగలడో లేదో చూసుకోవడానికి. పావుగంటలో పిక్కలు లాగాయి. ఆయన ముఖంలో భయం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఆ భయంలోంచి ఒక ఉపాయం పుట్టింది. నేతపని మనిషికి తప్ప ఇంకెవరికీ తట్టని ఉపాయం.

గురువారం పొద్దున ఎనిమిదింటికి బాపు డాబా మీద ఎనిమిది ఇటుకలు పేర్చాడు. ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు, మధ్యలో కార్ఖానాలో ఉన్నంతే సందు. ఆ ఎనిమిదే సాంచాలు. కార్ఖానాలో లాగే చెప్పులు విప్పి, కాళ్లు కాలకుండా గోనెసంచులు పరుచుకుని, వాటి మధ్య నడవడం మొదలుపెట్టాడు. ఒక ఇటుక దగ్గర ఆగి, నడుము కుడివైపు తిప్పి, వంగి, లేని పోగును ముడివేసి, తర్వాతి ఇటుకకు పోయేవాడు. డ్యూటీ రిహార్సల్.

పక్కింటి మామ చూడటానికి వచ్చాడు. మామ కూడా అదే కార్ఖానా, వెనక వరస. చుట్టరికం లేకున్నా ఒకే జిల్లా కాబట్టి బాపును బావా అంటాడు. కిటికీ పక్క సాంచాలకు బాపు తర్వాత వంతు ఆయనదే. ఈ వాక్యం దగ్గర నేపథ్య సంగీతం వేసుకోవచ్చు.

“ఏంది బావా, ఇటుకలకు కాపలానా?”

“డ్యూటీ.”

“గీ ఎండలనా?”

“కార్ఖానల ఏసీ పెట్టిండా సేఠ్?”

“జర నీళ్లన్న తాగు మరి.”

“డ్యూటీల నేనెన్నడు తాగిన?”

ఆ మాట నిజమే. కార్ఖానాలో పాయిఖానా ఆవరణకు అటు చివర ఉంటుంది. పోయి వచ్చేసరికి రెండు సాంచాలు ఆగి ఉంటాయి. కాబట్టి పొద్దున ఒక గ్లాసు, ఇంటికొచ్చాక ఒక చెంబు. దాహం ఆపుకోవడం ఆయనకు పనితనంలో భాగం.

మధ్యాహ్నం రెండింటి దాకా, ఆరు గంటలు నడిచాడు. చొక్కా తడిసి, ఎండి, మళ్లీ తడిసి, వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కట్టింది. అమ్మ టిఫిన్ డబ్బా పైకి తెచ్చింది, ఎందుకంటే రిహార్సల్‌లో అన్నం వేళ కూడా ఉంది. బాపు సంతోషంగా ఇటుకలు దాటి వచ్చి, చెప్పులు తొడుక్కోవడానికి వంగాడు.

లేవలేదు.

అమ్మ కాసేపు చూసింది. “ఏందయ్యా, ఏం పడిపోయింది? నేను ఎతుకుతనా?”

“నడుము,” అన్నాడు బాపు, నేలను చూస్తూ.

రెండు అంతస్తులు దిగడానికి ముప్పావుగంట పట్టింది. సగం మూసిన మడత మంచాన్ని దింపినట్టు నేను, మామ చెరో పక్క పట్టుకుని దింపాం. మెట్టుకొకసారి ఆయన “ఆగు” అనేవాడు. కండరం లోపలినుంచి ఎవరో మెలితిప్పి ముడివేస్తున్నట్టు ఉందట. తానే ముడులు వేసేవాడు కాబట్టి ఆయన పోలిక నమ్మదగినదే.

వరండాలో పంచాయితీ కూడింది, మాస్కులు గడ్డాల కిందికి లాక్కుని.

“వాయువు బావా,” అన్నాడు మామ. “రెండు నెలల సంది ఆలుగడ్డనే తింటున్నం. ఆలుగడ్డ బంద్ చెయ్యి.”

“దిష్టి,” అంది అమ్మ. “ఇటుకలతోని ఆడుడు ఎవలో చూసిర్రు.”

ఎదురింటాయన మెల్లగా అన్నాడు, “ఒళ్లు నొప్పులు కరోనాకు గూడ ఉంటయంట.”

వరండా ఖాళీ అయింది. నాకు తెలిసి కోసాడ్‌లో సామాజిక దూరం సంపూర్ణంగా అమలైంది ఆ ఒక్కసారే. మామ, కింది అంతస్తు గుజరాతీ బా మాత్రం మిగిలారు. మామకు భయం లేదు. బాకు చెవి సరిగా వినపడదు.

కానీ ఎదురింటాయన మాటలో నిజంగా భయపడవలసింది ఒకటుంది. కార్ఖానా గేటు దగ్గర జ్వరం చూసి, ఒళ్లు నొప్పులున్నాయా అని అడుగుతారని మాస్టర్ చెప్పాడు. ఉన్నాయంటే పద్నాలుగు రోజులు ఇంట్లో ఉండాలి. పద్నాలుగు రోజులు పోతే సాంచాలు పోతాయి. ఇంకా మూడు రోజులు మిగిలాయి, బాపు నేలచూపు చూస్తున్నాడు.

బా తన చేతికర్ర ఎత్తి నా కాళ్ల వైపు చూపింది. “ఘర్ మే హీ తో డాక్టర్ హై.” డాక్టర్ ఇంట్లోనే ఉన్నాడు కదా అని.

అందరూ నా కాళ్లను చూశారు. నేనూ చూశాను. కానీ కొడుకు కాలు తండ్రికి తగలకూడదు. పొరపాటున తగిలినా వెంటనే కళ్లకద్దుకుంటాం. అలాంటిది ఇక్కడ పనిగట్టుకుని తన్నాలి.

“కొడుకుతోని తన్నించుకోవాల్నా?” అన్నాడు బాపు. “అంతకంటె గిట్లనే వంగి పోత డ్యూటీకి.”

“పోరాదు? మాస్టర్ నీకు దండం పెడ్తున్నడనుకుంటడు. ఖుషీ అయితడు,” అన్నాడు మామ.

“కన్నతండ్రిని తంతే కాలు పడిపోతదంటరు,” అంది అమ్మ.

“మంచిదే గదా, ఇద్దరం ఒకలకొకలం తోడుంటం,” అన్నాను.

“నువ్వు సప్పుడు చెయ్యకు.”

డాక్టరునైన నన్ను అడిగేవాడు లేడు. ఆ రోజు అలాగే గడిచింది. బాపు రెండు దిండ్ల మధ్య ఒదిగి, దగ్గు వస్తే ఎలాగా అని భయపడుతూ పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున మామ ఒక బట్ట పట్టుకుని వచ్చాడు. రంగు వెయ్యని తెల్లటి బట్ట. నేతలో తప్పు పడితే కార్ఖానా పక్కన పెట్టేసిన ముక్క. వాళ్లింట్లో కిటికీ పరదాగా ఉండేది.

“బావా, ఇది ఎవలు నేసిర్రు?”

బాపు తల తిప్పి అంచు చూశాడు. “నేనే. మూడో సాంచాది. గప్పుడు అది ఎడమపక్క పోగు తెంపుతుండె.”

“గిది నీ మీద కప్పుతం. పొలగాడు తన్నేది బట్టను. నిన్ను గాదు. నీ బట్ట నిన్ను తాకుతది. అండ్ల పాపమేంది?”

బాపు ఆలోచించాడు. అమ్మ ఆలోచించింది. బాకు హిందీలో వివరిస్తే ఆమె కూడా ఆలోచించి తల ఊపింది. నేతవాళ్ల ధర్మశాస్త్రంలో మధ్యన బట్ట అడ్డం ఉంటే చాలా పనులు చెల్లుతాయి. ఆ ఏడు ప్రపంచమంతా మూతికి బట్ట కట్టుకుని తిరిగింది కాబట్టి నేనూ తల ఊపాను.

ఏ కాలు అనేది తేలలేదు. మామ ఎడమ అన్నాడు, బా కుడి అంది. నొప్పి కుడివైపు ఉంది కాబట్టి ఎడమ కాలని మామ అప్పటికప్పుడు ఒక సూత్రం తయారుచేశాడు. నేను ముందు బాపు పాదాలకు దండం పెట్టి, ఎడమ కాలు ఎత్తాను.

బాపు వీపును నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నిలబడి ఉండే మనిషికి మనం ముఖమే చూస్తాం. వెన్నుపూసకు ఎడమవైపు మామూలుగానే ఉంది. కుడివైపు కండ, బట్ట కింద కూడా, చెక్కపలకలా బిగుసుకుని తెలుస్తోంది. నేను బొటనవేలు ఆనించాను.

“తన్నురా.”

“తన్నిన బాపూ.”

“గిదా?”

“ఒకటయింది. ఇగో, రెండోది.”

“ఇంట్ల తిండి తింటున్నవా లేదా నువ్వు?”

“నిన్ను చిన్నప్పుడు కొట్టినయన్ని యాది చేసుకోరా,” అన్నాడు మామ. “అప్పుడు అస్తది బలం.”

బాపుకు నవ్వొచ్చింది. పట్టుకున్న నడుముతో నవ్వకూడదు. ఆయన సగం నవ్వి ఆగిపోయి, పళ్లు బిగించి, చాప అంచు పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోసారి కాలు ఆనించినప్పుడు ఆ కండ దానంతటదే నా వేలి కింద ఎగిరి పడింది. నేను కాలు వెనక్కి లాక్కున్నాను. మళ్లీ దండం పెట్టాను, ఈసారి అమ్మ చెప్పకుండానే.

“తగ్గిందా బావా?”

“చూస్తున్న.”

పది నిమిషాలు చూశాక తగ్గిందని మామే తీర్మానించాడు. సాయంత్రానికి బాపు నడుము ఒక జానెడు పైకి లేచింది. దానికి కారణం నా కాలో, అమ్మ పెట్టిన వేడినీళ్ల కాపడమో, కాలం గడవడమో చెప్పలేను. బా మాత్రం నాకు బిస్కెట్ పుడ పంపింది.

శనివారం, కరోనా అని పేరు పడకుండా ఇరుగుపొరుగుకు కూరగాయలకని చెప్పి, బాపును మునిసిపాలిటీ ఆసుపత్రికి నడిపించుకుని పోయాను. నా భుజం మీద చెయ్యి వేసి చిన్న చిన్న అడుగులు వేశాడు. డాక్టర్ ప్లాస్టిక్ పరదా వెనక కూర్చుని ఉన్నాడు. జ్వరం లేదు. కాళ్లలో తిమ్మిరి ఉందా, బలం తగ్గిందా, మూత్రం ఆగిపోతోందా అని అడిగాడు. లేదు, లేదు, లేదు. పడుకోబెట్టి ఒక్కో కాలు ఎత్తి చూశాడు. తర్వాత, నొప్పికి ముందు ఏం చేశారన్నాడు.

బాపు నా వైపు చూశాడు. నేను ఇటుకల సంగతి చెప్పాను.

డాక్టర్ రాయడం ఆపాడు. “ఆఠ్ ఈంట్?”

“జీ,” అన్నాను.

“కిత్‌నే ఘంటే?”

“ఛే.” ఆరు గంటలని నేనే చెప్పాను.

“పానీ?”

“సుబహ్ ఏక్ గిలాస్,” అన్నాడు బాపు, కొంచెం గర్వంగానే.

డాక్టర్ హిందీలో విడమరిచి చెప్పాడు. రెండు నెలలు కదలకుండా ఉంటే నడుము కండలు బలం పోగొట్టుకుంటాయి. ఒకే పక్కకు పడుకుంటే ఒక వైపు బిగుస్తాయి. అలాంటి కండల చేత ఒక్కసారే ఆరు గంటలు, ఎండలో, ప్రతిసారీ కుడివైపే తిప్పి వంగే పని చేయించారు. చెమటలో నీరూ ఉప్పూ పోయాయి, తిరిగి లోపలికి ఏమీ పోలేదు. వీటిలో ఏ ఒక్కటైనా నడుము ఓర్చుకునేదేమో. అన్నీ కలిసేసరికి తనను తాను కాపాడుకోవడానికి బిగుసుకుపోయింది. ఎముక విరగలేదు, నరం నలగలేదు. మూడు రోజులు మాత్రలు, వేడి కాపడం. మంచం ఎక్కి పడుకోవద్దు, గంటకోసారి నాలుగు అడుగులు వేయాలి. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలూ మెల్లగా ఛాతీ దగ్గరికి తెచ్చుకోవాలి. ఆలుగడ్డ నిర్దోషిగా తేలింది.

బాపు ఇవేవీ వినలేదు. “సోమ్‌వార్ కో డ్యూటీ?” అన్నాడు.

“జావో. లేకిన్ ఆఠ్ నహీ. చార్.”

పోవచ్చు, కాని నాలుగు సాంచాలే. తిరిగి వస్తూ బాపు కోసాడ్ మలుపు దగ్గర ఆగి అన్నాడు, “నాలుగు అడిగితే నాలుగే ఇస్తడు మాస్టర్. మల్ల ఎనిమిది ఇయ్యడు. సగం మనిషినని పేరు పడ్తది.”

నా దగ్గర దీనికి జోకు లేకపోయింది. ఇది రాస్తూ కూడా వెతికాను, దొరకలేదు.

ఆదివారం పొద్దున బాపు మోకాళ్ల కసరత్తు చేశాడు. ఆయన లేచాక చూస్తే అదే చాప మీద అమ్మ పడుకుని ఒక్కో మోకాలూ ఛాతీకి తెచ్చుకుంటోంది.

“నీకెందుకే?” అన్నాడు బాపు.

“నాకు పదేండ్ల సంది నొస్తది.”

“ఎన్నడు చెప్పకపోతివి?” అన్నాను నేను.

“చెప్తే నువ్వు తంతవని.”

పదేళ్లుగా మా ఇంట్లో ఒక నడుము వంగి రాళ్లు అంటిస్తూనే ఉంది. దాని కోసం పంచాయితీ కూడలేదు, పరదా దిగలేదు. ఏదో ఒకటి అనాలని, నేను నిజంగా ఎదురుకాళ్లతోనే పుట్టానా అని అడిగాను.

“మంత్రసాని అన్నది. నాకు గప్పుడు సోయి ఉన్నదా చూడనీకి?” అని అమ్మ రెండో మోకాలు ఎత్తింది.

సోమవారం బాపు ఆ తెల్లబట్టనే చొక్కా కింద నడుముకు బిగించి కట్టుకున్నాడు. మామ ఒక పక్క, నీళ్ల సీసాతో నేను ఒక పక్క. దారిపొడవునా బాపు హిందీలో ఒక వాక్యం సాధన చేస్తూ వచ్చాడు. సాబ్, కొన్నాళ్లు నాలుగు ఇయ్యండి, తర్వాత ఎనిమిదీ నేనే చూసుకుంటా అని. మామ నడుస్తూనే అన్నాడు, “బావా, మిగిలిన నాలుగు నాకిస్తే నేను తీసుకోను. కిటికీ కాడ పావురాల రెట్ట పడ్తది.” నేపథ్య సంగీతం వేసుకున్నవాళ్లు ఆపేయవచ్చు.

గేటు దగ్గర వాచ్‌మన్ నుదుటికి జ్వరం యంత్రం పెట్టాడు. ఒళ్లు నొప్పులున్నాయా అన్నాడు. బాపు వీలైనంత నిటారుగా నిలబడి, “నహీ,” అన్నాడు. ఆయన అబద్ధం ఆడటం నేను విన్నది ఆ ఒక్కసారే. సీసా చేతికిచ్చి ఇంటికి వచ్చాను. సాయంత్రం దాకా నేనూ గంటకోసారి నాలుగు అడుగులు వేశాను.

చీకటి పడే వేళకు ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు. బాపు వాక్యం వాడే అవసరమే రాలేదట. లాక్‌డౌన్ వల్ల నూలు రాలేదు. కార్ఖానాలో సగం సాంచాలే నడిచాయి, మనిషికి నాలుగు. బాపుకు కిటికీ పక్క నాలుగు ఇచ్చారు. నెల దాటాక నూలు వచ్చింది, అప్పటికి ఆయన నడుము కూడా వచ్చింది, మిగిలిన నాలుగూ తిరిగి చేతికందాయి. నూలు రాకపోవడం కూడా నా ఎడమ కాలి మహిమేనని మామ ఇప్పటికీ వాదిస్తాడు. బట్ట తిరిగి ఆయన కిటికీకి పోయింది.

బాపు డ్యూటీకి ఇప్పుడు నీళ్ల సీసా తీసుకుపోతాడు. లీటరుది. మధ్యాహ్నంలోపే ఖాళీ అవుతుంది, మళ్లీ ఒకసారి నింపుకోవాలి.